నూటికి మూడు తక్కువ

కొండ మీది కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి కొత్తగా వెళ్తున్న పిల్లలకి నా మొదటి సలహా ఇది. స్వెట్టరు పట్టుకెళ్ళండి, గట్టి గొడుగు పట్టుకెళ్ళండి, కటకాలు తుడవడానికి మెత్తటి పాత చీరముక్క పట్టుకెళ్ళండి. మాట్లాడుకోవడానికి మనిషిని మాత్రం పట్టుకెళ్ళలేరు. అక్కడ దొరికితే మీ అదృష్టం. నాకు దొరకడానికి పదేళ్ళ పైనే పట్టింది. దొరికింది కూడా నా ఈడు మనిషి కాదు, డిగ్రీ చదివే ఒక గుంట పిల్ల.

ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, పే కమిషన్లు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పేవాళ్ళు ప్రతి స్టాఫ్ రూములోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, వద్దన్నా చెప్తారు. నేను రాయదలచుకున్నది కంప్యూటరు తెర మీద ప్రయోగాలు చేయించిన కాలం గురించి. బతికున్న ల్యాబుకి తాళం వేసి, తెర మీద నీళ్ళు కాచిన రోజులవి. ఆ రోజుల్లో థర్మామీటరు మీద మూడు డిగ్రీల తేడా కోసం వంతల సుక్రి అనే అమ్మాయి డిగ్రీయే పోవలసింది. ఎలా పోబోయిందో, దానికి ఆ పిల్ల ఏం చెల్లించిందో తెలిస్తే మీకు ఈ ఉద్యోగం సగం తెలిసినట్టే.

బండి సార్లు

తొంభైల మొదట్లో నన్ను అరకు దగ్గరి ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వేశారు. మాది విజయనగరం. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అప్పటికే అలిసిపోయి ఊరుకున్నారు. 'ఒక్కర్తే కదా, ఎక్కడైనా ఒకటే' అనుకుని నా పేరు రాసేసి ఉంటారు. ఒక్కళ్ళకి ఎక్కడైనా ఒకటే అనేది ఎప్పుడూ ఇంట్లో నలుగురున్నవాళ్ళు చెప్పే మాట.

మిగతా లెక్చరర్లు సోమవారం కిరండూల్ పాసింజరు దిగేవారు, శుక్రవారం మళ్ళీ ఎక్కేసేవారు. పిల్లలు వాళ్ళని 'బండి సార్లు' అనేవారు. నేను క్వార్టర్సులో ఉండిపోయాను. శుక్రవారం బండి టైడా వైపు కొండ దిగిపోయాక కాలేజీలో నేను, అటెండరు సన్యాసిరావు, బూజు పట్టిన స్పెక్ట్రోమీటర్లు మిగిలేవాళ్ళం. శనివారం సన్యాసిరావు కూడా పెళ్ళాంబిడ్డల కోసం సాలూరు వెళ్ళిపోయేవాడు. ఆదివారమంతా ఒక్క మాట కూడా పలక్కుండా గడిచిన వారాలు చాలా ఉన్నాయి. సోమవారం క్లాసులో మొదటి మాట అంటుంటే గొంతు ఎవరిదో అన్నట్టు వచ్చేది. దాన్ని ప్రశాంతత అని ఉత్తరాల్లో రాసేదాన్ని. ప్రశాంతత కాదు, నాకు బెంగగా ఉండేది.

కటకాలకి బూజు పడుతోందని నేను మొత్తుకుంటే సన్యాసిరావు నవ్వేవాడు. "కొండ గాలి మేడమండీ. మనుసులకే బూజు పడతాది, గాజుకి పట్టదేటి?" అనేవాడు.

నన్ను ఆ ఊళ్ళో నిలబెట్టింది ల్యాబు. ఎందుకంటే ల్యాబులో ఎవరూ ఒక్కళ్ళే పని చెయ్యలేరు. లోలకం ఒకరు వదిలితే స్టాప్‌వాచీ ఇంకొకరు నొక్కాలి. ఒకరు రీడింగు చెప్తే ఒకరు రాసుకోవాలి. "నీ లెక్క తప్పు", "నీ కన్ను తప్పు" అని కొట్టుకోవాలి. మా పిల్లలు తమలో తాము కొండ ఒరియాలో కొట్టుకునేవారు, నా దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగేవారు. నాకు ఆ ఒరియా చివరిదాకా పూర్తిగా రాలేదు. కానీ ఇద్దరు పిల్లలు రీడింగు గురించి కొట్టుకుంటున్నారా, ఇంకేదైనా విషయం గురించా అనేది గొంతుని బట్టి తెలిసిపోయేది.

చెప్పులు విప్పి రావలెను

రెండు వేల సంవత్సరం దాటాక మా కాలేజీకి కంప్యూటర్లు వచ్చాయి. వాటికి ఒక గది, ఆ గదికి ఏసీ, తలుపు మీద 'చెప్పులు విప్పి రావలెను' అని బోర్డు. యంత్రాలు చల్లగా ఉండాలని రూలు. అరకులో మార్గశిరంలో చల్లగా ఉంచడానికి ఏసీ ఎందుకని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. పిల్లలు బయట మంచులో తడిసిన కాళ్ళు కడుక్కుని, వట్టి కాళ్ళతో లోపలికొచ్చి, ఆ ఏసీలో వణుకుతూ మౌసు పట్టుకునేవారు.

కంప్యూటర్లతోపాటు ప్రయోగాల సీడీలు వచ్చాయి. ఇప్పుడు వర్చువల్ ల్యాబ్ అంటున్నారే, అదే. అప్పుడు ఇంటర్నెట్టు లేదు, సీడీయే. తెర మీద బీకరు, తెర మీద బర్నరు, తెర మీద థర్మామీటరు. మౌసుతో మంట పెంచితే పాదరసం ఎక్కుతుంది. సరిగ్గా నూరు దగ్గర బుడగలొస్తాయి, టింగుమని గంట కొడుతుంది. ఒకావిడ గొంతు "వెరీ గుడ్" అంటుంది.

నేను వాటికి వ్యతిరేకిని కాను. అలా అనుకున్నవాళ్ళుంటే ఇక్కడే దిద్దుకోండి. మాకున్న ఒక్క వెర్నియరు కాలిపర్సు కోసం క్లాసంతా వరుస కట్టే రోజుల్లో, తెర మీద ప్రతి పిల్లా పదిసార్లు కొలిచి నేర్చుకుంది. కళ్ళకి కనబడని ఎలక్ట్రాను దారి తెర మీద చూసి, ముసలమ్మనైపోయే వయసులో నేను కూడా "ఓహో" అన్నాను. చెడిపోయిన స్పెక్ట్రోమీటరు బాగయ్యేలోపు పిల్లల చదువు ఆగకుండా కాపాడింది సీడీయే. మందు మంచిదే, మోతాదు ఎక్కువైంది.

ఆ మోతాదు మా ప్రిన్సిపాల్ గారిది. ఆయన చెడ్డ మనిషి కాదు. హాస్టలు పిల్లలకి జ్వరం వస్తే సొంత జీపు ఇచ్చి ఆసుపత్రికి పంపేవారు. అయితే గాజు అంటే ఆయనకి హడలు. పగిలిన ప్రతి బీకరుకీ ఆడిట్‌లో సమాధానం చెప్పి చెప్పి విసిగిపోయారు. "సీడీలో బీకరు పగలదు మేడం" అనేవారు, బంగారు గని దొరికినట్టు మొహం పెట్టి. నిజమే, పగలదు. పగలకపోవడమే దాని లోపమని నాకు తర్వాత తెలిసింది.

గంట కొట్టలేదండీ

ఒక బ్యాచి మొదటి ఏడాదిలో ఉండగా, సీడీలో నీళ్ళు కాచడం అయిపోయాక నిజం ల్యాబులో కూడా ఒకసారి కాచి చూడమన్నాను. పంపు స్టవ్వు, దాని మీద గాజు ఫ్లాస్కు, అందులో థర్మామీటరు. నలుగురైదుగురు చుట్టూ మూగారు. ప్రిన్సిపాల్ గారు పిలిచారని వెళ్ళి, ఆయన చెప్పిందంతా విని తిరిగొచ్చేసరికి గది నిండా ఆవిరి. ఫ్లాస్కు అడుగున చెంచాడు నీళ్ళున్నాయి, అవి తెర్లుతున్నాయి. పిల్లలు మాత్రం ఊపిరి బిగబట్టి థర్మామీటరు వంకే చూస్తున్నారు.

"దింపండర్రా!" అన్నాను.

"ఇంకా మరగలేదు మేడమండీ" అన్నాడు బలరాం. మంచి కుర్రాడు, చెప్పిన మాట వినేవాడు. అదే చిక్కు. "తొంబయ్యేడు కాడ ఆగిపోనాది. నూరవలేదు. గంట కొట్టాల కదండీ!"

అంటుండగానే ఫ్లాస్కు టప్పుమంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, వేడి గాజు బల్ల మీద రెండు ముక్కలయింది. నాకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. కళ్ళ ముందు నీళ్ళు కుతకుతా ఉడికి ఆవిరైపోతున్నాయి, అయినా మరగలేదట! కొండల్లో పుట్టి, రోజూ పొయ్యి మీద అంబలి కాచే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు. కంప్యూటరు గంట కొట్టలేదని ఆగిపోయారు.

వెనక కిటికీ దగ్గర నుంచి ఒక గొంతు వచ్చింది. "ఎప్పుడో మరిగిపోనాదండి. నాను సెప్పేను. ఆల్లు ఇన్లేదు."

అదీ సుక్రిని నేను మొదటిసారి విన్నది. పెదబయలు దాటి ఇంకా పైనున్న ఊరు. సన్నగా, నల్లగా, కొంచెం పెంకిగా ఉండేది. అవసరమైతే తప్ప మాట్లాడేది కాదు. మాట్లాడితే మెత్తగా చెప్పడం తెలియదు.

పిల్లలకి బోర్డు మీద వివరించాను. కొండ ఎక్కేకొద్దీ పైన ఉన్న గాలి తగ్గుతుంది, నీటిని నొక్కిపెట్టే బరువు తగ్గుతుంది, అందుకని ముందే మరిగిపోతుంది. సముద్రం ఒడ్డున నూరు, మన దగ్గర తొంభై ఏడు. అందరూ తలూపి రాసుకున్నారు. సుక్రి రాసుకోకుండా చెయ్యెత్తింది.

"మరి ఆ సీడీ ఏ ఊరిదండి?"

అట్ట తిప్పి చూశాను. బెంగుళూరు అడ్రసు ఉంది. అప్పుడు నాకు ఇంకో నవ్వొచ్చింది. బెంగుళూరు కూడా ఇంచుమించు మనంత ఎత్తే, అక్కడ కూడా నీళ్ళు తొంభై ఏడుకే మరగాలి. అంటే ఆ సీడీ చేసినవాళ్ళు కూడా నీళ్ళు కాచి చూడలేదన్నమాట. పుస్తకంలో ఉన్న నూరు తెచ్చి తెర మీద పెట్టేశారు. ఆ మాట చెప్తే క్లాసులో సుక్రి ఒక్కతే నవ్వింది. మిగతావాళ్ళు ఇది పరీక్షలో వస్తుందా రాదా అన్నట్టు చూశారు.

పగిలిన ఫ్లాస్కు పుణ్యమా అని ప్రిన్సిపాల్ గారు ల్యాబుకి తాళం వేయించారు. ఇకనుంచి ప్రయోగాలన్నీ కంప్యూటరు మీదే, రికార్డు పుస్తకాలు కూడా దాన్ని చూసే రాయాలి అన్నారు. నేను పోట్లాడాను. ఆయన టీ తెప్పించారు. మా ఇద్దరి పోట్లాటలన్నీ అలాగే అయ్యేవి.

మౌసు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది

ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురు కూర్చునేవారు. మౌసు ఒక గుంటడి చేతిలో ఉండేది. మిగతా ఇద్దరూ చూసేవారు. గంటయ్యాక ముగ్గురూ రికార్డులో 'ఈ ప్రయోగము చేసితిమి' అని రాసేవారు. ఈ ఉద్యోగంలో చేరే ఆడపిల్లలు, మగపిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. తెర మీద ప్రయోగంలో మౌసు పట్టుకున్నది ఎవరో వెళ్ళి చూడండి. ఆడపిల్ల చేతిలో నేను చూసింది చాలా తక్కువ.

సుక్రి ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "నాను సెయ్యలేదండి, సూసేను. రికార్డులో ఏటి రాయమంటారు?" అంది. చూశాను అని రాయడానికి రికార్డులో చోటు లేదు. ఆ పిల్లకి చేశాను అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

సన్యాసిరావుని పిలిచి ల్యాబు తాళం సంగతి అడిగాను. "నా కాడే ఉన్నాది. తాళం ఎయ్యమన్నారు గానీ తియ్యొద్దనలేదు కదా మేడమండీ" అన్నాడు. అలా సాయంత్రాలు ల్యాబు తెరుచుకుంది. మిగతా పిల్లల్ని కూడా రమ్మన్నాను. రెండు రోజులు వచ్చి మానేశారు. వాళ్ళని తప్పుపట్టను. తెర మీద పావుగంటలో అయ్యే పనికి ఇక్కడ సాయంత్రమంతా కావాలి, పైగా రీడింగు ఎప్పుడూ వంకరగానే వస్తుంది. సుక్రి మానలేదు.

ఆ సాయంత్రాలు నా ఉద్యోగంలో మంచి రోజులు. లోలకం తను వదిలేది, స్టాప్‌వాచీ నేను నొక్కేదాన్ని. నేను ఆలస్యంగా నొక్కానని కసిరేది. "కునుకు పాట్లు పడతన్నారేటండీ?" అనేది, లెక్చరరునని కూడా చూడకుండా. పని అయ్యాక అదే స్టవ్వు మీద గిన్నెలో టీ నీళ్ళు పెట్టేవాళ్ళం. మరిగేటప్పుడు థర్మామీటరు ముంచి చూడటం ఆటగా మొదలై అలవాటయింది. "ఎంత?" అని నేను అడగాలి, "తొంబయ్యేడే" అని తను చెప్పాలి. వాన ముసురు పట్టిన రోజుల్లో ఓ పిసరు తగ్గేది. ఆ పిసరు చూసి ఇద్దరం సంబరపడేవాళ్ళం. ఫిజిక్సు తెలిసిన మనిషితో ఫిజిక్సు గురించి మాట్లాడి నాకు అప్పటికి ఎన్నేళ్ళయిందో. ఆదివారాలు కూడా హాస్టలు నుంచి మా క్వార్టర్సుకి వచ్చేది. సోమవారం నా గొంతు నాదిలాగే ఉండేది.

టీ తాగుతున్నప్పుడే ఇంటి సంగతి చెప్పింది. నాన్న లేడు, అన్న ఉన్నాడు. కాఫీ, మిరియాల తోట. డిగ్రీ అయ్యాక బి.ఇడి. చేసి వాళ్ళ వైపే ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరు కావాలని సుక్రి కోరిక. అన్న ఒప్పుకున్నాడు, కానీ ఒక్కసారికే. "తప్పితే మరి సదవక్కర్లేదు, తోటలోకొచ్చీ అన్నాడండి. ఆడన్నాడంటే అన్నట్టే" అంది. మిగతా పేపర్ల గురించి దానికి భయం లేదు. నాకూ లేదు. భయమంతా ఫిజిక్సు ప్రాక్టికల్సు మీదే. ఎందుకంటే పరీక్ష నిజం గాజుతో పెడతారు, బయట నుంచి ఎగ్జామినరు వస్తారు.

నాలుగు కాగితాలు

చివరి ఏడాది పరీక్షకి ల్యాబు తాళం అధికారికంగా తీశారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా మైదానంలోని ఒక కాలేజీ నుంచి పెద్దాయన వచ్చారు. ఓపికస్తుడు, పిల్లల్ని భయపెట్టే రకం కాదు. చీటీలు తీస్తే వేడి లోహాన్ని చల్లని నీళ్ళలో వేసి విశిష్టోష్ణం కనుక్కునే ప్రయోగం నలుగురికి వచ్చింది. బలరాం, హాస్టల్లో సుక్రి గదిలోనే ఉండే ఇద్దరమ్మాయిలు, సుక్రి. లోహాన్ని ఆవిరిలో వేడి చెయ్యాలి, ఆ ఆవిరి వేడి ఎంతో థర్మామీటరు చూసి రాయాలి. లెక్కంతా ఆ అంకె మీదే నిలబడుతుంది, అది తప్పితే పరీక్షే తప్పుతారు.

మూడు కాగితాల్లో నూరు. సుక్రి కాగితంలో తొంభై ఏడు.

ఎగ్జామినరు గారు సుక్రిని దగ్గరికి పిలిచారు. "అమ్మా, నీ థర్మామీటరులో ఏదో లోపం ఉన్నట్టుంది. అందరికీ నూరొచ్చింది. దిద్దుకో, ఫరవాలేదు, మార్కులేం తగ్గించను" అన్నారు. దయతోనే అన్నారు. నేను ఇంటర్నల్ ఎగ్జామినర్ని, పిల్లల తరఫున నోరు విప్పకూడదు. గోడ దగ్గర నిలబడి చీర కొంగు మెలిపెట్టుకుంటున్నాను. దిద్దేస్తే చాలు, బి.ఇడి. చదువుకుంటుంది, దిద్దెయ్యవే అని నా మనసులో ఒక గొంతు. దిద్దితే నీతో మళ్ళీ టీ తాగను అని ఇంకో గొంతు.

"దిద్దనండి. తొంబయ్యేడే ఉన్నాది" అంది సుక్రి.

"ఆవిరి నూరే ఉంటుందమ్మా."

"మీ ఊళ్ళో ఉంటాదండి. ఈ ఊళ్ళో ఉండదు. ఓపాలి మీరే పెట్టి సూడండి."

ఆయన ముఖం ముడుచుకుంది. అయినా లేచి, తన పెట్టెలోంచి సొంత థర్మామీటరు తీసి ఆవిరిలో పెట్టి, కళ్ళజోడు సర్దుకుని చూశారు. చాలాసేపు చూశారు. కిటికీలోంచి కొండల వంక చూశారు. ఆయన ఫిజిక్సు మేష్టారు, విప్పి చెప్పక్కర్లేదు. "రైలెక్కి వచ్చాను కానీ ఇంతెత్తుకి వచ్చానని ఆలోచించలేదు" అని తనలో తనే గొణుక్కుని, సుక్రి కాగితం మీద టిక్కు పెట్టారు.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. అవలేదు. ఆయన మిగతా మూడు కాగితాలు చేతిలోకి తీసుకున్నారు. గొంతు మారింది.

"అంటే వీళ్ళు ముగ్గురూ థర్మామీటరు చూడకుండానే రాశారన్నమాట. చూడని రీడింగు రాస్తే సున్నా వెయ్యాలి. మేడం, మీకు తెలుసు కదా" అన్నారు నాతో.

తెలుసు. ప్రాక్టికల్లో సున్నా అంటే ఏడాది పోయినట్టే. ఇద్దరమ్మాయిలూ ఏడుపు మొదలుపెట్టారు. బలరాం నేల చూస్తున్నాడు. సుక్రి వాళ్ళ వైపు చూసింది. తన అంకె నిజమైతే వాళ్ళది అబద్ధమవుతుందని ఆ పిల్లకి అప్పుడే తట్టినట్టుంది. నాకు కూడా అప్పుడే తట్టింది.

"సూసేరండి" అంది సుక్రి.

"చూస్తే నూరని ఎలా రాస్తారు?"

"సూసేరండి. నమ్మలేదు. మేడం ఓపాలి సెప్పినా, మూడేళ్ళబట్టి కంప్యూటరు నూరే సూపించినాది. ఒక్క పూట పరీచ్చలో గాజు తొంబయ్యేడంటే ఎలగ నమ్ముతారు? గాజే తప్పనుకున్నారు." ఆయన వంక చూసి, "మీరూ అలగే అనుకున్నారు కదండీ" అంది.

ఆ చివరి మాటకి ఆయన కసురుతారనుకున్నాను. ఆయన మాత్రం కాగితాలు కింద పెట్టి, తలొంచుకుని, నెమ్మదిగా నవ్వారు. టీ తాగొచ్చాక ముగ్గురి చేతా ఆవిరి మళ్ళీ పెట్టించి, "కళ్ళకి ఏం కనిపిస్తే అది రాయండి, నాకోసం రాయొద్దు" అన్నారు. అమ్మాయిలిద్దరూ తొంభై ఏడు రాశారు. బలరాం తొంభై ఎనిమిదిన్నర రాశాడు. ఇటు థర్మామీటరుకీ అటు సీడీకీ కోపం రాకుండా సర్దాడు. ఆయన నుదురు కొట్టుకుని వాడిని కూడా పాస్ చేశారు. ముగ్గురికీ ఆ గడిలో మార్కులు తగ్గాయి. ఎవరూ తప్పలేదు.

సర్వీసు జీపు

మర్నాడు పిల్లలంతా ఊళ్ళకి బయలుదేరారు. నేను సుక్రిని సాగనంపడానికి జీపుల దగ్గరికి వెళ్ళాను. పెదబయలు వైపు వెళ్ళే సర్వీసు జీపులో ఆ ఇద్దరమ్మాయిలూ ఎక్కి కూర్చున్నారు. సుక్రి సంచి పైకి అందించబోతే అందులో ఒక పిల్ల, "సోటు లేదే" అంది, ఇటు చూడకుండా.

సర్వీసు జీపులో చోటు లేదనే మాట కొండల్లో ఎవరూ ఎప్పుడూ అనరు. పదిమంది పట్టే బండిలో ముప్ఫైమంది ఎక్కుతారు. టాపు మీద, బానెట్టు మీద, వెనక మెట్టు మీద వేళ్ళాడుతూ వెళ్తారు. మేకపిల్లకి కూడా చోటిస్తారు. ఆ మాట విన్న డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. సుక్రి సంచి వెనక్కి తీసుకుంది. జీపు వెళ్ళిపోయింది.

ఇంకో జీపు కోసం ఇద్దరం రాతి మీద కూర్చున్నాం. సుక్రి, "నాను తప్పు సెప్పేనేటండీ?" అని అడిగింది.

"లేదే."

"ఆల్లకోసం కూడా సెప్పేను కదండీ. మరెందుకిలగ?"

ఫిజిక్సులో ఆ ప్రశ్న లేదు. అన్నేళ్ళుగా బండి సార్లందరూ స్టాఫ్ రూములో చేరి, 'అటెండెన్సు వేసేద్దాం, రికార్డులు సంతకం పెట్టేద్దాం' అన్నప్పుడల్లా వద్దని, తర్వాత ఒక్కదాన్నే టిఫిను తిన్నదాన్ని నేను. ఆ పిల్లకి నేను నేర్పింది ఫిజిక్సు ఒక్కటేనా, ఇది కూడా నేర్పానా అనిపించి దుఃఖం వచ్చింది. దాని చెయ్యి పట్టుకున్నాను. పెంకిపిల్ల, లాక్కోలేదు. రెండో జీపు వచ్చేదాకా అలాగే కూర్చున్నాం.

ఇక్కడ నూరే

ఎగ్జామినరు గారు రిపోర్టులో రాసిన నాలుగు మాటల వల్ల ల్యాబు మళ్ళీ తెరిచారు. కంప్యూటర్లు పక్క గదిలో ఉండనే ఉన్నాయి. అప్పటినుంచి నేను రెండూ కలిపి చేయించాను. ముందు నిజం నీళ్ళు, తర్వాత తెర నీళ్ళు. తెర మీద గంట కొట్టాక, "మనకెంత వచ్చింది? తేడా ఎందుకు?" అని అడిగేదాన్ని. అలా అడిగితే ఆ సీడీ అంత మంచి పాఠం ఇంకోటి లేదు. కొత్తగా వెళ్తున్నవాళ్ళకి నా దగ్గరున్న కిటుకు ఇదే. తెర చెప్పిన జవాబు దగ్గర ఆగకండి. తెరకీ చేతికీ మధ్య తేడా ఎక్కడుందో అక్కడ మొదలుపెట్టండి. ఆ తేడా చూసిన పిల్ల ఒక్కతే ఉంటే, దాని పక్కన ఇంకొకరిని నిలబెట్టండి. అది నాకు చేతకాలేదు. మీకు చేతనవుతుందేమో చూడండి.

సుక్రి బి.ఇడి. చేసింది. వాళ్ళ ఊరికి దగ్గర్లోనే, ఇంకా ఎత్తున, ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరు అయింది. సెల్‌ఫోన్లు వచ్చాక నెలకోసారి ఫోను చేస్తుంది, సిగ్నలు కోసం గట్టు ఎక్కి. బాగున్నారా అని అడగదు. "ఇక్కడ తొంబయ్యారండీ" అంటుంది ఎత్తగానే. "ముసురేమైనా పట్టిందా?" అంటాను నేను. మా కుశలప్రశ్నలు అవే.

రిటైరయ్యాక విజయనగరం వచ్చేశాను. చెల్లెలి ఇంటి పక్కనే రెండు గదులు. కావలసినవన్నీ ఉన్నాయి. బస్సులున్నాయి, డాక్టరున్నాడు, పేపరు పొద్దున్నే వస్తుంది. చుట్టూ మనుషులే, చెల్లెలు, మరిది, వాళ్ళ పిల్లలు. అందరూ మంచివాళ్ళు. అయినా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి నా గొంతు మళ్ళీ ఎవరిదోలా వస్తోంది. మొన్న టీ నీళ్ళు పెట్టి, చెయ్యి ఊరుకోక థర్మామీటరు ముంచాను. పాదరసం ఎక్కి ఎక్కి నూరు గీత దగ్గర నిలబడింది. సరిగ్గా సీడీ చెప్పినట్టే. ఇందులో ఎవరితోనూ వాదించడానికి ఏమీ లేదు. స్టవ్వు ఆర్పేశాను.

ఆ వారమే సుక్రి ఫోను చేసింది. "ఇక్కడ తొంబయ్యారండీ. మీ కాడ ఎంత?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను అడగడం అదే మొదలు.

"ఇక్కడ నూరేనే" అన్నాను.

అటువైపు గట్టు మీద గాలి చప్పుడు.

"ఒక్కరే తాగుతన్నారేటండీ టీ?" అంది.

ఏదో ఒకటి చెప్పొచ్చు. చెల్లెలి పిల్లలున్నారని చెప్పొచ్చు. చూసిన రీడింగే చెప్పాలని దానికి నేర్పినదాన్ని నేనే. "అవునే" అన్నాను.

"బేగి వచ్చీండి మేడమండీ. నీలు పెడతాను" అంది.

థర్మామీటరు తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. సోమవారం బండికి వెళ్తున్నాను.